నడి సముద్రంలో మిరప పట్టా

వెంకటరావమ్మకు అబద్ధమాడే అలవాటు లేదు. అవసరం రాలేదు, అంతే. పర్చూరు పక్కన వాళ్ల ఊళ్లో ఆమె గొంతు లేచిందంటే కళ్లంలో కూలీలూ, గట్టు మీద బర్రెలూ, ఇంట్లో కొడుకూ అందరూ ఒక్కసారే దారికొస్తారు. అలాంటి మనిషికి అబద్ధాలతో పనేముంది? అయినా ఆ ఆదివారం పొద్దున వాడరేవు ఇసుకలో నిలబడి, పడవ నడిపే ఆదాం అడిగిన మాటకు ఆమె కళ్లార్పకుండా అబద్ధం చెప్పింది.

"గుండె జబ్బోళ్లు, కడుపుతో ఉన్నోళ్లు ఎవరూ లేరుగదమ్మా? అల దాటేటప్పుడు పడవ ఎత్తి కుదేసిద్ది. అట్టాంటోళ్లని నేను ఎక్కించను," అన్నాడు ఆదాం.

"లేరు," అంది వెంకటరావమ్మ.

ఆమె పక్కన నిలబడ్డ కోడలు శ్రీరమ్యకు అయిదో నెల. వదులు చుడీదారు మీద చున్నీ నిండుగా కప్పుకుని ఉంది కాబట్టి చూసినవాళ్లకు తెలియదు. కొడుకు కోటేష్ "అమ్మా..." అని నోరు తెరిచాడు. తల్లి అతని వంక చూసింది. నోరు మూసుకున్నాడు. శ్రీరమ్య ఇసుకలోకి చూస్తూ ఉండిపోయింది.

దీనంతటికీ వెనక ఒక భయం ఉంది. పోయినేడు ఇదే రోజుల్లో, మిరపకోతలు ముమ్మరంగా ఉండగా, శ్రీరమ్య మూడో నెలలో ఉంది. రెండు రోజులు మంగళగిరి వెళ్లి అమ్మ దగ్గర ఉండొస్తానంది. "కోతలయ్యాక వెళ్దువుగానిలే" అంది వెంకటరావమ్మ. మూడు రోజులు తిరక్కుండా కడుపు పోయింది. కడుపుతో ఉన్న పిల్ల కోరిక తీర్చకపోతే ఇంతేనని వీధిలో ఆడవాళ్లు అనేశారు. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచీ వెంకటరావమ్మ రాత్రిళ్లు లేచి కూర్చునేది. తన వల్లే పోయిందని ఎవరికీ చెప్పలేదు, తనకు తాను మాత్రం రోజూ చెప్పుకునేది.

ఈసారి నెల తప్పిన రోజు నుంచే "ఏం తినాలనుంది? ఏం చూడాలనుంది? చెప్పవే" అని వెంటబడింది. పుల్లరేగ్గాయలన్నా, ఉలవచారన్నా బతికిపోయేది. ఆ పిల్ల ఓ సాయంత్రం ఫోన్లో డాల్ఫిన్లు ఎగరడం చూస్తూ "ఇవి చూడాలనుంది అత్తయ్యా" అంది. సముద్రంలో చేపలు చూడాలనడం ఎక్కడైనా ఉందా? ఉన్నా లేకపోయినా తీర్చాలి. వాడరేవు నుంచి ఆదివారాలు ఆదాం అనే అతను జనాన్ని పడవలో మోటుపల్లి వైపు తీసుకెళ్లి డాల్ఫిన్లు చూపిస్తాడని విని, మారు ఆలోచించకుండా కారు కట్టించింది.

ఆదాం అరవై దాటిన మనిషి. ఎండకు నల్లబడ్డ ఒళ్లు, తెల్లబడ్డ కనుబొమలు. అందరికీ తనే లైఫ్ జాకెట్లు తొడిగి, పట్టీలు లాగి చూశాడు. పడవ ముందు పలక మీద శ్రీరమ్యనూ కోటేష్‌నూ కూర్చోబెట్టాడు. వెంకటరావమ్మ మధ్యలో కూర్చుంది. ఆమె ఒడిలో మడతపెట్టిన నీలం పట్టా ఉంది. మిరపకాయలు ఎండబోసే పట్టా అది; నిన్న సాయంత్రమే కళ్లంలోంచి తీసింది. కోడలికి ఎండ తగిలితే నీడ పడదామని తెచ్చింది. గొడుగులంటే ఆమెకు నమ్మకం లేదు.

ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట పడవ ముక్కు లేచింది, పడింది, మళ్లీ లేచింది. కోటేష్ అప్పుడే పచ్చబడ్డాడు. వెంకటరావమ్మ పలక గట్టిగా పట్టుకుని కోడలి వీపు వంకే చూస్తూ కూర్చుంది. అల దాటాక నీళ్లు కాస్త నెమ్మదించాయి. ఆదాం ఇంజను పిడి పట్టుకుని పడవను దక్షిణానికి తిప్పాడు.

ఒడ్డు వెంట సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఉప్పుమళ్లు జరిగిపోతున్నాయి. "అదుగో, ఆ చెట్ల వెనకాలే మోటుపల్లి," అని చూపించాడు ఆదాం. "కాకతీయులప్పుడు చీనా దేశం ఓడలు కూడా ఈడికొచ్చేయంట. అంతకుముందు ఏ ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొచ్చినా రాజులే లాక్కునేవోళ్లంట. గణపతిదేవుడు వచ్చి, సరుకు సరుకుగలోళ్లదే, భయపడమాకండని రాయి చెక్కించి పాతించాడు."

"మంచి రాజే," అంది వెంకటరావమ్మ. ఆమె మనసు అక్కడ లేదు. ఎండ ఎక్కుతోంది. పట్టా విప్పి కోడలి తల మీద ఒక కొస, తన చేతుల్లో ఒక కొస పట్టుకుంది. ఇంజను మెల్లగా తిరుగుతోంది, గాలి కూడా లేదు. చేతులు గుంజుతున్నా దించలేదు.

డాల్ఫిన్లు చెప్పకుండా వచ్చాయి. ముందు నల్లటి వీపు ఒకటి నీటి మీద మెరిసి మునిగింది. తర్వాత రెండు. తర్వాత ఒకటి ఏకంగా నీళ్లలోంచి లేచి, ఒళ్లంతా చూపించి, చప్పుడుతో పడింది. శ్రీరమ్య "అత్తయ్యా, అత్తయ్యా!" అంటూ వెంకటరావమ్మ మోకాలు పట్టుకుంది. ఆ పిల్ల అంతగా నవ్వడం ఏడాదిలో ఆమె చూడలేదు. తల్లి వెంట పిల్ల డాల్ఫిను కూడా ఉంది, దాని పక్కనే అతుక్కుని పోతోంది. వెంకటరావమ్మకు కళ్లు చెమర్చాయి. తీరింది, ఇంక ఏ దోషమూ లేదనుకుంది.

ఈలోగా సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలైంది. మొదట చల్లగా తగిలింది, కాసేపటికి పట్టా పట పట కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆదాం నీళ్ల రంగు చూసి పెదవి విరిచాడు.

"ఇయ్యాల తొందరగా లేచింది గాలి. పోదాం పదండి. అమ్మా, ఆ పట్టా తీసెయ్, గాలికి పడవని లాగేస్తాంది."

పడవ ముక్కు అప్పుడు గాలికి ఎదురుగా ఉంది. ఆదాం వెనక, ఇంజను దగ్గర కూర్చుని ఉన్నాడు. వెంకటరావమ్మ లేచి నిలబడి పట్టాను రెండు చేతులా పట్టుకుని, నలభై ఏళ్లుగా కళ్లంలో ఎలా చేస్తుందో అలాగే, మడతపెట్టబోయే ముందు ఫెళ్లున ఒక్క దులుపు దులిపింది.

మిరప పండించే ఊళ్లో పట్టా దులుపుతుంటే పసిపిల్లలు కూడా మొహం పక్కకు తిప్పుకుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పాల్సిన పని లేదు. ఆదాం పుట్టి బుద్ధెరిగి కళ్లం తొక్కినవాడు కాదు. పట్టా మడతల్లో ఉన్న గింజా, పొట్టూ, ఎర్రటి దుమ్మూ మొత్తం గాలితో కలిసి వెళ్లి అతని మొహాన కొట్టింది.

"అమ్మో!" అని కేక పెట్టి ఇంజను పిడి వదిలేశాడు. చేతులతో కళ్లు నులుముకున్నాడు. ఉప్పు చేతులు. నులిమినకొద్దీ మంట రెట్టింపయింది. పొలమారి దగ్గుతూ పడవ అడుగున మోకాళ్ల మీద కూలబడ్డాడు.

వెంకటరావమ్మకు ఒక్క క్షణం ఏం జరిగిందో తెలియలేదు. ఆ ఘాటు ఆమె ముక్కుకు ఏనాడో అలవాటైపోయింది, దుమ్ము లేచిన సంగతే ఎరగదు. తెలిశాక పట్టాను కాలి కింద తొక్కిపెట్టి అతని దగ్గరికి జరిగింది.

"నీళ్లు! నీళ్లియ్యండి!" అన్నాడు ఆదాం.

చుట్టూ ఉన్నవి ఉప్పునీళ్లే; మంచినీళ్ల సీసా ఖాళీ. వాంతులు చేసుకుంటున్న కోటేష్ మొహం కడగడానికి అయిపోయింది. క్యారియర్ పక్కన మజ్జిగ సీసా ఉంది గానీ అందులోనూ అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేసింది తనే. ఆమె తన నోటితో తనను తానే తిట్టుకుంది. చీర కొంగుతో అతని మొహం తుడిచింది. ఆదాం కళ్లు వాచి మూసుకుపోయాయి, కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, రెప్ప ఎత్తబోతే కేకపెడుతున్నాడు.

"ఎవరికన్నా ఫోన్ చెయ్యమంటావా?" అంది.

"మా తమ్ముడు బాపయ్యకి చెయ్యి. జేబులో కవర్లో ఉంది."

శ్రీరమ్య ఫోన్ తీసి చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆదాం తల అడ్డంగా ఊపాడు. "ఆదివారం. అందరూ ప్రార్థనలో ఉంటారు. నేనే పోకుండా పడవేసుకొచ్చా." గాలి వీపున తోస్తోంది, పడవ తనంతట తానే ఒడ్డు వైపు జరుగుతోంది. "ఆగితే అల పెరుగుద్దిగానీ తగ్గదు. లంగరు నిలవదు ఈడ. ఇంజను పిడి నా చేతికియ్యండి. దీపస్తంభం కనపడతందా?"

"కనపడుతోంది," అంది శ్రీరమ్య. వాడరేవు దీపస్తంభం దూరంగా చెట్ల మీద తెల్లగా నిలబడి ఉంది.

"పడవ ముక్కు దాని మీదుండాలి. కుడికి పోతే కుడికి పోయిందని చెప్పు. ఎడమకి పోతే ఎడమకని. గట్టిగా చెప్పాల, నాకు ఇంజను మోతలో వినపడదు."

అలా గుడ్డివాడు నడుపుతుంటే, చూపున్నవాళ్లు దారి చెబుతుంటే, పడవ ఒడ్డుకు దగ్గరైంది. విరుగుతున్న అలల హోరు వినపడింది. ఒడ్డున తిరగడానికి వచ్చిన జనం కనపడ్డారు. కోటేష్ లేవలేక లేచి చేతులు ఊపాడు. వాళ్లూ సరదాగా చేతులు ఊపారు. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు.

ఆదాం ఇంజను తగ్గించి చెవి ఒగ్గి విన్నాడు.

"వచ్చేటప్పటికంటే రెండింతలైంది," అన్నాడు. "అమ్మా, నిజం చెబుతున్నా. అల పెద్దది ఏదో, చిన్నది ఏదో చూసి సందులో దూరాల. అది చూసేది నా కళ్లు. ఇప్పుడు అయ్యి లేవు. ఇంక ఒకటే దారి. ఇంజను జోరు మొత్తం పెంచి, ఏ అల వస్తే ఆ అల మీద పోయి ఇసక్కి కొట్టేస్తా. పడవ తిరగబడినా మొలలోతు నీళ్లే. నడుములు ఇరుగుతాయేమోగానీ పానాలు పోవు. అందరూ గట్టిగా పట్టుకోండి."

"వద్దు!" అంది వెంకటరావమ్మ.

"ఇంకో దారి లేదమ్మా."

"వద్దయ్యా. కొట్టొద్దు. పిల్ల కడుపుతో ఉంది."

ఆదాం చేయి ఇంజను మీద ఆగిపోయింది. మూసుకున్న కళ్లతోనే మొహం ఆమె వైపు తిప్పాడు.

"పొద్దున లేరన్నావు."

"అన్నాను."

"చెప్పుంటే ఎక్కించుకునేవోణ్ణి కాదు."

"అందుకే చెప్పలా," అంది. ఆ గొంతు వణకడం కొడుకు కూడా ఎప్పుడూ వినలేదు. "నన్ను ఒడ్డుకెళ్లాక ఏమన్నా అను, కొట్టు. ముందు దాన్ని దింపు. ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తా."

ఆదాం "ప్రభువా" అని గొణిగి, "ఇట్టా రా. నాకెదురుగా కూర్చో. నా వెనక్కి చూడు," అన్నాడు. "పెద్ద అలలు వరసన వస్తాయి. తర్వాత కాసేపు సద్దుమణుగుద్ది. ఆ సందు వచ్చినప్పుడు చెప్పు. తప్పు చెప్పావంటే వెనక అల మనల్ని అందుకుని పడవని అడ్డం తిప్పేసిద్ది. అప్పుడింక నా చేతుల్లో లేదు."

మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. ఆమె జీవితంలో ఇంతవరకూ ఇంకొకరు చెప్పినట్టు కూర్చున్నది లేదు. అతని భుజం మీదుగా సముద్రం వైపు చూసింది. అంతా ఒకేలా ఉంది, ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియలేదు. నీళ్లు లేస్తున్నాయి, జారుతున్నాయి.

"చెప్పమ్మా, ఎంతుంది వచ్చేది?"

"రాశి ఎత్తుంది."

"ఏం రాశి?"

"మిరపకాయల రాశి. నీ నడుం దాకా."

"పెద్దదే. పోనీ. దాని వెనక?"

"దాని కంటే ఎత్తు. భుజాల దాకా."

పడవ ఆ అల మీద ఎక్కి దిగింది. శ్రీరమ్య ముందు పలకను కావలించుకుని ఉంది. కోటేష్ భార్య నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. ఇంకొక అల, ఇంకొకటి. తర్వాత నీళ్లు పల్లంగా కనపడ్డాయి. వెంకటరావమ్మకు ఓపిక చచ్చింది. "సందొచ్చింది. పో!" అంది.

ఇంజను మోత లేచింది. పడవ ముందుకు దూకింది. అప్పుడు కనపడింది ఆమెకు, ఆ పల్లం వెనక, ఇంతసేపూ దాక్కున్నట్టు, అన్నింటి కంటే ఎత్తుగా లేస్తున్న నీటి గోడ.

ఆమె ఎప్పుడూ అన్న మాట వెనక్కి తీసుకున్న మనిషి కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

"ఆగు! ఆపు! తప్పు చెప్పా! నాది తప్పు!" అని అరిచింది.

ఆదాం ఒక్క ఉదుటున పిడి తిప్పాడు. పడవ మూలిగి, ముక్కు సముద్రం వైపు తిరిగి, ఆ అలకు ఎదురెక్కింది. అందరూ గాల్లో ఉన్నట్టయింది. పడేటప్పుడు వెంకటరావమ్మ పళ్లు టకటకలాడాయి. ఆదాం వెంటనే పడవ ముక్కును మళ్లీ ఒడ్డు వైపు తిప్పాడు. వెనక నుంచి కోడలి కేక వినపడింది. తిరిగి చూడ్డానికి లేదు, చూస్తే అలలు వదిలేసినట్టే. సముద్రం వైపే కళ్లు పెట్టి, "రమ్యా, ఎట్టా ఉన్నావే?" అని అడిగింది. జవాబు వినపడలేదు.

"బాగానే ఉందమ్మా, పట్టుకున్నా," అన్నాడు కోటేష్.

"ఇంకోటి?" అన్నాడు ఆదాం.

"ఉంది. నడుం దాకా. వెనక మోకాలి దాకా. దాని వెనక..." ఈసారి తొందరపడలేదు. దాని వెనకదీ, ఆ వెనకదీ, కళ్లు చికిలించి చూపు ఆనినంత దూరం చూసింది. "ఏమీ లేవు. చదునుగా ఉంది. ఒట్టు. ఇప్పుడు పో."

పడవ తిరిగి ఒడ్డు వైపు పరుగెత్తింది. రెండు పక్కలా తెల్లటి నురగ. వెనక ఒక చిన్న అల తరుముకొస్తోంది. "వస్తోంది, చిన్నదే, తిన్నగా వస్తోంది," అని చెబుతూనే ఉంది.

"దీపస్తంభం ఎటుంది తల్లీ?" అని అరిచాడు ఆదాం.

శ్రీరమ్య ఏదో అంది. గాలికి కొట్టుకుపోయింది.

"గట్టిగా అను తల్లీ!"

"ఎడమకి! పడవ ఎడమకి పోతోంది! కుడికి తిప్పండి!"

ఆ గొంతు ఎవరిదో అనుకుంది వెంకటరావమ్మ. పెళ్లయి వచ్చిన మూడేళ్లలో ఆ పిల్ల గొంతు వంటింటి గడప దాటి వినపడలేదు. ఆదాం పిడి తిప్పాడు. అల పడవ కిందకి దూరి, ఎత్తి, మోసుకెళ్లి ఇసుక మీద దించింది. పెద్ద కుదుపు కాదు. కోటేష్ దూకి, మొలలోతు నీళ్లలో నిలబడి పడవను కౌగిలించుకున్నాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్లకు అప్పటికి అర్థమై పరుగెత్తుకొచ్చారు.

చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు మంచినీళ్లూ, పాలూ తెచ్చి ఆదాం కళ్లలో పోశారు. అతని చేయి పట్టుకుని పక్కనే కూర్చుంది వెంకటరావమ్మ. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అనే రకం కాదామె.

"కళ్లలో కారం కొట్టావు, తెలవక కొట్టావు, పోనీలే," అన్నాడు ఆదాం. "ఆ పిల్లని అట్టా కూర్చోబెట్టి నా చేత పడవ తోలించావు చూడు. అది మాత్రం నేను మరిచిపోను."

"మరిచిపోవద్దు," అంది వెంకటరావమ్మ. లేచి అతన్ని కూడా కారెక్కించింది. చీరాల్లో కళ్లకు చూసేవాళ్ల దగ్గర ఆదాంను, ప్రార్థన నుంచి ఉరికొచ్చిన బాపయ్యను దింపి, కోడల్ని ఆ వీధిలోనే ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. "నాకేం కాలేదత్తయ్యా" అని దారిపొడవునా అంటూనే ఉంది శ్రీరమ్య. వెంకటరావమ్మ వినలేదు.

డాక్టరమ్మ శ్రీరమ్యను పడుకోబెట్టి స్కానింగ్ చేసింది. తర్వాత గుర్రం పరుగెత్తినట్టు టకటకమని బిడ్డ గుండె చప్పుడు వినపడింది. కోటేష్ గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

"బిడ్డకేం లేదు," అంది డాక్టరమ్మ. "కానీ లోపల కొంచెం బిగుసుకుని ఉంది. నొప్పి ఉందామ్మా?"

శ్రీరమ్య అత్త వంక చూసింది. తర్వాత పైకప్పు వంక చూసి, "ఉంది," అంది.

"ఎప్పట్నుంచి? పడవలో కుదుపు తగిలినప్పట్నుంచా?"

"కాదండీ. తెల్లారుజాము నుంచి."

డాక్టరమ్మ మందు రాసి, పది రోజులు మంచం దిగొద్దని చెప్పి బయటికి వెళ్లింది. కోటేష్ మందుల షాపుకు పరుగెత్తాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"తెల్లారుజామున నొప్పొస్తే చెప్పొద్దటే?" అంది వెంకటరావమ్మ. అరవబోయి గొంతు తగ్గించుకుంది. "కాలు బయటపెట్టనిచ్చేదాన్నా?"

శ్రీరమ్య చున్నీ అంచు మడత పెడుతూ, "అప్పటికే మీరు క్యారియర్ సర్దేశారత్తయ్యా," అంది.

వెంకటరావమ్మ మంచం పట్టె పట్టుకుంది. అడగాలని లేదు, అడగక తప్పదు.

"పోయినేడు మీ అమ్మ దగ్గరికి వెళ్తానన్నప్పుడు... అప్పుడూ నొప్పేనా?"

శ్రీరమ్య తలూపింది.

"మరి చెప్పలేదేం తల్లీ?"

"చెబుదామనే వచ్చాను. అప్పటికే కూలీలు వచ్చేశారు. మీరు వాళ్ల మీద కేకలేస్తున్నారు."

కోరికా కాదు, దోషమూ కాదు. ఏడాది పాటు వెంకటరావమ్మ మోసిన పాపం కంటే బరువైనది ఇంకొకటి ఇంట్లోనే ఉంది: ఆ పిల్లను నొప్పి కూడా చెప్పుకోనివ్వని తన గొంతు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోడలి చెయ్యి కిందికి వచ్చి ఆమె భుజం మీద పడింది.

"ఇప్పుడెట్టా ఉంది?" అని అడిగింది చాలాసేపటికి, చాలా మెల్లగా.

"ఇంకా నొప్పిగానే ఉందత్తయ్యా," అంది శ్రీరమ్య. "భయంగా కూడా ఉంది."

"చెప్పు," అంది వెంకటరావమ్మ. "వింటున్నా."